జిర్కోనియాకు ఎంత తడి కావాలి?

హైదరాబాద్‌లో దమ్మాయిగూడ పక్కనున్న చర్లపల్లి డిపోల నుంచి ట్యాంకర్లలో బయల్దేరే పెట్రోలుకు ఆక్టేన్ (ఇంజిన్‌లో ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) పెంచే పని ఒకప్పుడు సీసం చేసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం మానేశాక ఆ భారం రిఫైనరీల మీద పడింది. తిన్నని గొలుసులా ఉండే హెక్సేన్ ఆక్టేన్ సంఖ్య దాదాపు 25. అవే ఆరు కార్బన్లను రెండు కొమ్మలు వచ్చేలా అమరిస్తే 90 దాటుతుంది. ఈ అమరిక మార్పే ఐసోమరైజేషన్. దాన్ని చేసిపెట్టేవి ఘన ఆమ్ల ఉత్ప్రేరకాలు. వాటికి తేమ విషమని అందరూ అనే మాట. అది సగమే నిజం. క్లోరిన్ పట్టించిన అల్యూమినా విషయంలో మాత్రం పూర్తిగా నిజం. ప్లాటినం కలిపిన ఈ గుళికలు 120–180 డిగ్రీల్లోనే పనిచేస్తాయి గానీ, నీరు తగిలితే క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడై లేచిపోతుంది. అందుకే ముడిసరుకైన నాఫ్తానూ హైడ్రోజన్‌నూ మాలిక్యులర్ సీవ్ డ్రయర్లలో ఆరబెట్టాకే లోపలికి పంపుతారు. ఇంత అవస్థ దేనికి, తేమను ఓర్చుకునే మోర్డెనైట్ జియోలైట్ ఉందిగా అనవచ్చు. ఉంది, వాడుతున్నారు కూడా. కాకపోతే దానికి 250 డిగ్రీల వేడి కావాలి. వేడి పెరిగేకొద్దీ సమతాస్థితి తిన్నని గొలుసుల వైపే మొగ్గుతుంది. డ్రయర్ల బాధ తగ్గుతుంది, దాంతోపాటే ఆక్టేనూ తగ్గుతుంది.

ఆ మాటలోని సగం అబద్ధం బయటపడేది సల్ఫేట్ పట్టించిన జిర్కోనియం ఆక్సైడ్, అంటే సల్ఫేటెడ్ జిర్కోనియా దగ్గర. జపాన్‌లో మకోతో హీనో, కజుషి అరాతా 1979లో దీని శక్తిని లోకానికి చూపారు. బాగా ఆరబెట్టిన ఈ తెల్లపొడి మీద రంగులేని సూచిక చుక్క వేస్తే పసుపెక్కుతుంది. తేమగాలి తగిలిందా, ఆ పసుపు వెలిసిపోతుంది. ఇక్కడితో ఆగితే పాత మాటే గెలిచినట్టు. కానీ పొడిని మరీ ఎండగట్టినా బ్యూటేన్‌ను ఐసోమరైజ్ చేయడంలో దాని జోరు పడిపోతుంది. ఆమ్లస్థానాల్లో కొన్నింటికి ప్రోటాన్ కావాలి, ఆ ప్రోటాన్ వచ్చేది ఉపరితలాన్ని అంటుకున్న ఆ కాస్త నీటి నుంచే. ఎక్కువైతే అదే నీరు స్థానాలను కప్పేసి ఆమ్లాన్ని మెత్తబరుస్తుంది. ఇంత సన్నని కొలత కార్ఖానాలో కుదిరేదేనా? అక్కడ అనుకూలించే సంగతి ఒకటుంది: మోతాదు దాటిన తేమను పొడి గాలిలో వేడిచేసి తరిమేయొచ్చు, పోయిన చురుకు చాలావరకు తిరిగొస్తుంది. అల్యూమినా పోగొట్టుకున్న క్లోరిన్ మాత్రం బయటి నుంచి పోస్తే తప్ప రాదు. అలాగని జిర్కోనియాను నీళ్లలో నానబెట్టకూడదు, సల్ఫేటే కరిగి కొట్టుకుపోతుంది.

హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) నుంచి బెంజారం మహీపాల్ రెడ్డి, మేఘశ్యామ్ పాటిల్ 2009లో కెమికల్ రివ్యూస్‌లో ఈ పదార్థంపై పెద్ద సమీక్ష రాశారు. అలాంటి పరిశోధనల్లో ఒకరి అంకె ఇంకొకరితో కలవకపోతే ముందు అడగాల్సింది పొడిని ఎన్ని డిగ్రీల దగ్గర ఆరబెట్టారు, కొలిమి నుంచి రియాక్టరులోకి చేరేలోపు ఎంతసేపు బయటిగాలిలో ఉంచారు అని. మే నెల ఎండలో తూచిన పొడీ, ఆగస్టు ముసురులో తూచిన పొడీ ఒకటి కావు.