సిలిండర్ మారిస్తే చాలదు

ఎన్నికల షెడ్యూలు వెలువడగానే కర్నూలు, కడప జిల్లాల్లో లైసెన్సు తుపాకులు పోలీస్‌స్టేషన్లకు చేరతాయి. ఫ్యాక్షన్ కక్షలు చూసిన సీమ కాబట్టి ఇక్కడ ఆ పని మరింత పట్టుదలగా సాగుతుంది. అలా అప్పగించడానికి బయటికి తీసినప్పుడు, ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్న పాత రివాల్వర్ సిలిండర్ తుప్పు పట్టి కనిపిస్తే, ఇంకోటి తెచ్చి బిగిస్తే సరిపోతుందనిపిస్తుంది. అది ప్రాణం మీదికి తెచ్చే ఆలోచన.

సిలిండర్‌ను తూటాల డబ్బాగా చూడకూడదు. పేలుడు మొదలయ్యేది దాని గోడల మధ్యే. మన దేశంలో కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్‌నే తీసుకుందాం. దాని తూటా పేలినప్పుడు అది కూర్చున్న సిలిండర్ గదిలో పీడనం దాదాపు వెయ్యి వాతావరణాల దాకా వెళ్లగలదు. అంటే కారు టైరులోని గాలికి సుమారు 500 రెట్లు. తుప్పు తిన్న గోడకైనా, ఏ ఉక్కో తెలియని కొత్త గోడకైనా అది పెద్ద పరీక్షే.

ఇక అసలు చిక్కు తిరగడంలో ఉంది. 1836లో శామ్యూల్ కోల్ట్ పేటెంటు పొందిన రివాల్వర్‌లో సుత్తిని వెనక్కి లాగితే సిలిండర్ తిరిగి, గది గొట్టానికి ఎదురుగా వచ్చి బిగుసుకుంటుంది. నేటికీ సూత్రం అదే. సిలిండర్ వెనక నక్షత్రంలా పళ్లుంటాయి. ఒక చిన్న ఉక్కు కొక్కెం ఒక్కో పన్నునూ పైకి నెడుతుంది. కింది నుంచి ఒక మేకు సిలిండర్ మీది గాడిలో పడి దాన్ని ఆపుతుంది. ఆరు గదులైతే ఒక్కో మలుపు 60 డిగ్రీలు. సిలిండర్ నడిమి నుంచి గది కేంద్రం 12 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఒక్క డిగ్రీ తేడాకే గది 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. అప్పుడు గుండు గొట్టం అంచును రాసుకుంటూ వెళ్తుంది. సీసం తునకలు పక్కలకు చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాడి కంటికీ ప్రమాదమే. ఆ పళ్లు, ఆ కొక్కెం ఒకదానికొకటి అరగదీసి కుదిర్చినవి. వేరే తుపాకీ సిలిండర్‌కు ఆ కుదురు ఉండదు.

సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఖాళీ సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువైతే వేడి వాయువు బయటికి ఎగదన్నుతుంది. తక్కువైతే మసి చేరి, లోహం వేడికి వ్యాకోచించి, సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది.

అందుకే సిలిండర్ మార్చే నిపుణుడైన ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) ముందు తుపాకీ ఖాళీయో కాదో ప్రతి గదీ విడివిడిగా చూస్తాడు. గొట్టం లోపలి కొలతకు సరిపడే కడ్డీని దింపి, ఆరు గదులూ దాని వరుసలోకి వస్తున్నాయో లేదో ఒక్కోటీ తేల్చుకుంటాడు. ఒక్కదాంట్లో తట్టుకున్నా పని పూర్తికానట్టే. ఆ తర్వాత మామూలుకన్నా ఎక్కువ పీడనమిచ్చే తూటాతో ప్రూఫ్ పరీక్ష చేయాలి. యూరప్ నిబంధనల్లో చేతి తుపాకులకు ఆ పీడనం, తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనంకన్నా 30 శాతం ఎక్కువ.

1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో తుపాకీ భాగం కూడా ఆయుధమే. రిపేరు చేయడానికీ పరీక్షించడానికీ విడిగా లైసెన్సు కావాలి. కాబట్టి సిలిండర్‌ను విడిగా కొని తెచ్చుకోకుండా, లైసెన్సు కాగితాలతో తుపాకీని అనుమతి ఉన్న ఆయుధ దుకాణానికో తయారీదారుకో అప్పగించాలి.