గేరు జారితే ఘాట్‌లో ముప్పే!

ఏ గేరు, ఎప్పుడు జారుతోందో గమనిస్తే లోపం తెలుస్తుంది
గేరుబాక్సు విప్పే ముందు పైభాగాలు చూడాలంటున్న మెకానిక్‌లు

పాడేరు: ఘాట్ రోడ్డు దిగే వాహనాన్ని అదుపులో ఉంచేవి రెండు. ఒకటి బ్రేకు, రెండోది గేరు. చిన్న గేరులో దిగుతున్నప్పుడు ఇంజినే చక్రాల వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఆ గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కు వస్తే భారమంతా బ్రేకులపైనే పడుతుంది. ఎడతెరిపి లేకుండా తొక్కితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. కాఫీ, పసుపు, మిరియాల బస్తాలతోనూ, సంతకు వెళ్లివచ్చే జనంతోనూ పాడేరు నుంచి చోడవరం వైపు దిగే జీపులు, వ్యాన్లకు ఇది ప్రాణాల మీదకు తెచ్చే లోపం. అయినా కొందరు డ్రైవర్లు గేరు రాడ్డును చేత్తో అదిమిపట్టో, ట్యూబు రబ్బరుతో కట్టేసో రోజులు నెట్టుకొస్తుంటారు. మరికొందరు కారణం తెలుసుకోకుండానే గేరుబాక్సు విప్పించి వేలాది రూపాయలు వదిలించుకుంటారు. ఈ రెండూ పొరపాటే.

గేరును పట్టి ఉంచేదేమిటి?
రాడ్డును కదిపినప్పుడు ఆ కదలిక లింకు రాడ్లు లేదా కేబుళ్ల ద్వారా గేరుబాక్సులోని ఫోర్కుకు చేరుతుంది. కొన్ని జీపుల్లో రాడ్డు నేరుగా గేరుబాక్సుపైనే ఉంటుంది. ఫోర్కు ‘స్లీవు’ అనే కంకణం వంటి భాగాన్ని పక్కకు నెట్టి, కావలసిన గేరుకు ఉన్న చిన్న పళ్లతో కలుపుతుంది. కలిసినది విడిపోకుండా రెండు ఏర్పాట్లున్నాయి. ఫోర్కును మోసే కడ్డీకి గాడి ఉంటుంది. స్ప్రింగు ఒత్తిడితో ఉక్కు గుండు ఆ గాడిలో కూర్చుంటుంది. ఇక స్లీవు, గేరు పళ్లను కాస్త ఏటవాలుగా కోస్తారు. అందువల్ల లోడు పడేకొద్దీ అవి ఒకదానినొకటి లోపలికి లాక్కుంటాయి. ఆ పళ్లు అరిగి గుండ్రబడితే, అదే లోడు స్లీవును బయటకు నెట్టేస్తుంది.

ముందుగా తేల్చుకోవలసినవి
* జారుతున్నది గేరా, క్లచ్చా? ఇంజిన్ రొద పెరిగినా బండి వేగం పెరగక, రాడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటే సాధారణంగా అది క్లచ్ ప్లేటు అరుగుదల. రాడ్డు కూడా న్యూట్రల్‌కు వచ్చేస్తే గేరు జారుతున్నట్లు.
* ఏ గేరు? ఒకే గేరు జారుతుంటే ఆ గేరు పళ్లు, స్లీవులను అనుమానించాలి. 1, 2 గేర్లకు ఒక ఫోర్కు, 3, 4 గేర్లకు మరో ఫోర్కు ఉండటం సాధారణం. అలాంటి జత రెండూ జారితే ఫోర్కు లేదా దాని కడ్డీ అరిగిందనుకోవచ్చు. అన్ని గేర్లూ జారుతుంటే లోపం గేరుబాక్సు వెలుపల ఉండే అవకాశం ఎక్కువ.
* ఎప్పుడు? గుంతల్లో పడినప్పుడే జారితే లింకులు, గాడిలోని స్ప్రింగు, ఇంజిన్ మౌంటింగులను చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు గానీ, ఎక్సలేటరు వదిలి దిగేటప్పుడు గానీ జారితే పళ్ల అరుగుదల, మౌంటింగులు, బేరింగుల లూజు ప్రధాన కారణాలు.

పైసా ఖర్చు లేని పరీక్షలు
ఇంజిన్ ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి ఒక్కో గేరూ వేసి చూడాలి. రాడ్డు చివరి వరకూ వెళ్లి ‘టక్’మని కూర్చోవాలి. మందపాటి మ్యాటు, బిగుసుకున్న రబ్బరు తొడుగు అడ్డుపడినా గేరు సగమే పడి తర్వాత జారుతుంది. అనంతరం ఒకరు రాడ్డును కదుపుతుండగా మరొకరు లింకుల బుష్‌లను, కేబుళ్లను గమనించాలి. రాడ్డు కదిలినా లింకు వెంటనే కదలకపోతే బుష్‌లు అరిగినట్లే. వీటిని మార్చడానికి గేరుబాక్సు దించనక్కరలేదు.

మౌంటింగు రబ్బర్లు చిరిగితే లోడు పడినప్పుడల్లా ఇంజిన్, గేరుబాక్సు కలిసి ఊగి లింకులను లాగుతాయి. చక్రాలకు అడ్డుపెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజిన్ స్టార్టు చేసి మొదటి గేరులో క్లచ్‌ను కొద్దిగా వదిలితే ఈ ఊపు కనిపిస్తుంది. చూసేవారు బండికి ఎదురుగా కాక పక్కన నిలబడాలి. గేరుబాక్సును ఇంజిన్‌కు కలిపే బోల్టుల బిగువునూ పరీక్షించాలి.

ఆ తర్వాత గేరు ఆయిల్ చూడాలి. అయస్కాంతపు ప్లగ్గుకు సన్నని బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే. ఆయిల్‌లో పసుపుపచ్చని పొడి మెరిస్తే సింక్రో రింగులు, ఉక్కు ముక్కలు కనిపిస్తే పళ్లు లేదా బేరింగులు దెబ్బతిన్నట్లు. అప్పుడు గేరుబాక్సు విప్పక తప్పదు. విప్పినప్పుడు ఫోర్కు, స్లీవు, గేరు పళ్లు, బేరింగులను కలిపి పరీక్షించాలి. అరిగిన స్లీవును ఉంచి గేరు ఒక్కటే మారిస్తే లోపం తిరిగి వస్తుంది.

దిగువలో జారితే...
గేరు జారిన వెంటనే చూపు రాడ్డు వైపు మళ్లకూడదు. ముందుగా బ్రేకు గట్టిగా నొక్కి వేగం తగ్గించాలి. ఆపై క్లచ్ తొక్కి ఆ వేగానికి తగిన చిన్న గేరు వేయాలి. పడకపోతే గేరు కోసం పెనుగులాడకుండా, బ్రేకు మీదే బండిని పక్కకు తీసి ఆపాలి. కాలి బ్రేకు చాలకపోతే హ్యాండ్‌బ్రేకును మెల్లమెల్లగా లాగాలి. బండి కదులుతుండగా ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంజిన్ ఆపరాదు. ఆపితే బ్రేకుకు, పవర్ స్టీరింగుకు అందే సాయం పోయి రెండూ బరువెక్కుతాయి. నిలిపిన తర్వాత గేరును నమ్మకుండా చక్రాలకు రాళ్లు పెట్టాలి.

అలవాట్లూ కారణమే
ప్రయాణమంతా రాడ్డుపై చెయ్యి ఆనించి ఉంచితే ఫోర్కు అదే పనిగా స్లీవుకు ఒరుసుకుని అరుగుతుంది. రాడ్డును కట్టేసి నడిపినా జరిగేది ఇదే. క్లచ్‌ను పూర్తిగా తొక్కకుండా గేరు మార్చితే పళ్ల అంచులు గుండ్రబడతాయి. ఇంధనం ఆదా అవుతుందని దిగువలో న్యూట్రల్ చేయడం మరింత ప్రమాదకరం.

బండి ప్రమాదకర స్థితిలో ఉందని తెలిసీ రోడ్డుపై నడపడం 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శిక్షార్హం. షెడ్డుకు వెళ్లినప్పుడు ‘గేరు జారుతోంది’ అని చెప్పి ఊరుకోకుండా, ఏ గేరు, ఎత్తులోనా, పల్లంలోనా, గుంతలోనా అన్నది మెకానిక్‌కు వివరించాలి. దానివల్ల అనవసర ఖర్చు తప్పుతుంది. అసలు లోపం సరిచేసేవరకు ఆ బండిలో జనాన్ని ఎక్కించుకుని ఘాట్ దిగకపోవడమే క్షేమం.