యారాడ తీరము

సముద్రమును కావ్యములయందు జదివి యూహించుకొనుటయే గాని, కన్నులార జూచుట మా యెఱ్ఱుపాలెమువంటి మెట్ట గ్రామములవారికి తఱచుగా లభించునది కాదు. మా యూర రైలెక్కి బెజవాడమీదుగా విశాఖపట్టణము చేరువారు తప్పక చూడదగిన చోటు యారాడ.

1933లో తెఱువబడిన విశాఖ రేవునకు కాపువలె నిలిచిన డాల్ఫిన్ నోస్ కొండకు దక్షిణమున నీ తీర మున్నది. మూడు దిక్కుల కొండలు, నాలుగవ దిక్కున బంగాళాఖాతము. కొండదారి దిగునపుడు కొబ్బరిచెట్లు, ఇసుక, నీలిజలము నొక్కసారి కానవచ్చును. పట్టణపు రొద యచట వినరాదు.

అయినను, కొండల మఱుగు చూచి సముద్రము సాధువని నమ్మరాదు. ఇచట స్నానమునకు దిగి ప్రాణములు గోల్పోయినవారు పెక్కురు. ఒడ్డునకు వచ్చిపడిన యలల నీరు పల్లపుచోట గూడి, సన్నని పాయయై వడిగా లోనికి మఱలును. అచట అలలు తక్కువగా విఱుగుటచే నీరు నెమ్మదిగా నున్నట్లు తోచును. తెలియనివారు బిడ్డలతో నచటనే దిగుదురు!

ఆ పాయలో జిక్కినవారు దాని కెదురీదరాదు. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, వడి తప్పినపిదప గట్టు చేరవలెను. ఈత రానివారు వెల్లకిల తేలుచు చేయి యెత్తి పిలువవలెను. చూచువారు తామును దుముకక, త్రాటినో మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరవలెను.

కావున తల్లులు బిడ్డల చేయి విడువక, చీలమండలు తడియుటతో తృప్తి నొందవలెను. జాలరులు వలదన్న చోటికి బోరాదు. ఇసుకపై గూర్చుండి చూచినను ఆ కడలి కన్నులపండువే కదా!