జాతరకు జనరేటరా? లెక్క చూసి కొనండి

మేడారం, మాఘ పౌర్ణమి వేళ రెండేళ్లకోసారి గుడారాల ఊరవుతుంది. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లలో వచ్చి జంపన్నవాగు పరిసరాల్లో విడిది చేసే కుటుంబాల్లో కొన్ని చిన్న పెట్రోలు జనరేటర్లనూ వెంట తెచ్చుకుంటున్నాయి.

పెద్దదైతేనే మంచిదన్నది భ్రమ. 9 వాట్ల బల్బులు నాలుగు, 75 వాట్ల ఫ్యాను ఒకటి, నాలుగు సెల్‌ఫోన్లు కలిపినా 200 వాట్లు దాటవు. ఒక కె.వి.ఎ. యంత్రం సుమారు 800 వాట్లు ఇస్తుంది. అంతకు మించినది కొంటే పెట్రోలు ఖర్చు, చెవులు చిల్లులుపడే మోత మిగులుతాయి. నీళ్ల మోటారు కూడా ఆడించాలనుకుంటే మాత్రం లెక్క వేరు. మోటారు తిరగడం మొదలెట్టే క్షణాన మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న యంత్రం అక్కడే చతికిలపడుతుంది. దుకాణంలోనే మోటారు తగిలించి చూడటం మేలు. ఇన్వర్టరు రకానికి ధర ఎక్కువైనా మోత తక్కువ. పక్క గుడారంలో పసిపిల్లలుంటారు కదా!

అసలు భయం పొగతోనే. మంచుకు తడుస్తుందనో, దొంగల భయంతోనో యంత్రాన్ని గుడారంలోకి లాగితే, మనుషులు పడుకున్న ట్రాలీ కింద పెడితే, పొగలోని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కనీసం 20 అడుగుల దూరాన, పొగగొట్టం అవతలివైపు తిప్పి పెట్టాలి. అందుకు సరిపడా పొడవైన, గట్టి వైరు కూడా యంత్రంతోపాటే కొనాలి.