ముందు చాప మీద కూర్చోవాలి

“ఆడపిల్లలకు క్లబ్బేంది బిడ్డా? పేకాట నేర్పుతవా?”

2012లో కోదాడలో ఒక పెద్దమ్మ నన్నడిగిన మొదటి మాట ఇది. ఆమెననేం లాభం? మన ఊళ్లలో క్లబ్బంటే మగవాళ్ల పేకాటే గుర్తొస్తుంది. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు పల్లెపల్లెనా యువజన సంఘాలు పెట్టించాయి. అయినా వాలీబాల్ కోర్టు అబ్బాయిలదే, చవితి పందిరీ అబ్బాయిలదే! నేను ఆ కేంద్రంలో రెండేళ్ల వలంటీరుగా చేరాను. చదువు ఆగిపోయిన ఆడపిల్లలను ఓ చోట చేర్చడం నా పని.

కమ్యూనిటీ హాల్లో ఒక గది, ఒక క్యారమ్ బోర్డు, నాలుగు స్కిప్పింగ్ తాళ్లు. సాయంత్రం ఐదింటికి రమ్మంటే ముగ్గురే వచ్చారు. ఆ వేళకి నల్లా నీళ్లు పట్టాలి, పొయ్యి వెలిగించాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. వేళ మధ్యాహ్నానికి మార్చి, “తమ్ముళ్లనూ తీసుకురండి” అన్నాను. పదిహేను మందయ్యారు. సాగర్ కాలువ కింద నాట్లు పడే రోజుల్లో మాత్రం అందరూ కూలికే. గదికి తాళమే.

వాళ్లలో ఒకమ్మాయి పదో తరగతి లెక్కల్లో తప్పింది. పదహారేళ్లు. పెళ్లి కుదిరిందని తెలిసి ఆవేశంగా వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి 2006 చట్టం సంగతి చెప్పాను, 1098కి ఫోన్ చేస్తానన్నాను. తల్లి తలుపేసుకుంది. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. ఆమెతో పాటు మరో నలుగురు మానేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పింది తప్పు కాదు కదా, మరి ఎక్కడ చెడింది?

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి చాప మీద కూర్చుని ఆమెతో పాటు చిక్కుడుకాయలు ఒలిచాను. చాలాసేపటికి ఆమే నోరు విప్పింది. “పొద్దంత నేను పొలంల ఉంట. పిల్ల ఒక్కతే ఇంట్ల. ఏమన్నయితే లోకం నన్నే అంటది కదమ్మా!”

అదీ అసలు సంగతి. కట్నం ఆశ కాదు, భయం.

“పొద్దంతా నా దగ్గరే ఉంటుందక్కా. లెక్కలు మళ్లీ రాయిద్దాం” అన్నాను. ఆమె ఔననలేదు, కాదనలేదు. మూడో రోజు కూతుర్ని తనే తీసుకొచ్చి దింపింది. పెళ్లి ఆగింది. రెండో ప్రయత్నంలో పిల్ల గట్టెక్కింది. మానేసిన నలుగురిలో ఇద్దరే తిరిగొచ్చారు. మిగతా ఇద్దరి సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నా రెండేళ్లూ అయిపోయిన రోజు గది తాళంచెవి ఆ అమ్మాయికే ఇచ్చి వచ్చాను.

పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేయడం నేరమే. ఎవరూ వినకపోతే 1098కి చెప్పాల్సిందే. కాని మీ వీధిలో అలాంటి పెళ్లి మాట వినబడితే, వేళ మించక ముందే ఓసారి ఆ తల్లి పక్కన కూర్చుని చూడండి. ఆమె భయం ఏమిటో అడగండి. అడిగేవాళ్ల కోసమే ఆమె ఎదురుచూస్తుండవచ్చు.