చికాగో కిశోర కవులు: మూడు నిమిషాల వేదిక

కౌమారదశలోని పిల్లలు చుట్టూ ఉన్న అన్యాయాన్ని గమనిస్తూనే ఉంటారు. ఆ గమనింపు కవితగానో చిత్రంగానో రూపుదిద్దుకోవడానికి నిలబడి చెప్పే చోటూ, శ్రద్ధగా వినే పెద్దలూ అవసరమన్న సంగతికి చికాగో నగరం మంచి నిదర్శనం. ఆ నగరపు దక్షిణ భాగంలో పెరిగిన గ్వెండొలిన్ బ్రూక్స్ తొలి కవిత ఆమె పదమూడవ యేట ఒక పిల్లల పత్రికలో అచ్చయింది. 1950లో పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయితగా కీర్తి గడించిన ఆమె, 1968లో ఇల్లినాయ్ రాష్ట్ర ఆస్థాన కవయిత్రి అయిన తరువాత బడిపిల్లల కవితల పోటీలకు సొంత డబ్బుతో బహుమతులిచ్చారు. అంతకుముందే, వీధి ముఠాగా ముద్రపడిన బ్లాక్‌స్టోన్ రేంజర్స్ యువకులకు కవిత్వరచనలో శిక్షణ ఇచ్చారు. పనికిరానివారని లోకం తీర్మానించిన యువకుల్లో కవులను చూడగలగడం ఆమె రచనలకు ఏమాత్రం తీసిపోని కృషి.

చిత్రకళకూ అక్కడ ఇటువంటి నేపథ్యమే ఉంది. 1967లో 43వ వీధిలోని ఒక పాత కట్టడంపై కళాకారులు నల్లజాతి నాయకుల, రచయితల, సంగీతకారుల రూపాలతో ‘వాల్ ఆఫ్ రెస్పెక్ట్’ అనే కుడ్యచిత్రాన్ని నిలిపారు. 1991లో మొదలైన ‘గ్యాలరీ 37’ నగర నడిబొడ్డున ఖాళీగా పడివున్న స్థలంలో యువతను కళాకారుల వద్ద శిష్యులుగా చేర్చి, పనికి వేతనం కూడా చెల్లించింది.

కిశోర కవులకు ఆ నగరం ఇచ్చిన మరో వేదిక స్లామ్. ఇది కవి తన కవితను ప్రేక్షకుల ముందు అభినయపూర్వకంగా వినిపించగా, ఆ ప్రేక్షకుల నుండే ఎంపికైన న్యాయనిర్ణేతలు మార్కులు వేసే పోటీ. మార్క్ స్మిత్ అనే కవి 1986లో చికాగోలోని గ్రీన్ మిల్ జాజ్ క్లబ్బులో దీనిని స్థిరపరిచాడు. సాధారణంగా ఒక్కో కవితకు మూడు నిమిషాలే గడువు కాబట్టి, అన్యాయాన్ని గురించిన సాధారణ వాక్యాలకు అక్కడ చోటుండదు. తన వీధి, తన బడి, తన ఇంటి వంటగది నుండి ఒక నిర్దిష్టమైన సంగతిని ఎంచుకోక తప్పదు. వీధుల్లో గుమిగూడినవారిని ముఠా సభ్యులన్న అనుమానంతో పోలీసులు చెదరగొట్టడానికి వీలిచ్చిన 1992 నాటి నగర శాసనాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1999లో కొట్టివేసింది. యువత గుమిగూడడాన్నే అనుమానించిన ఆ నగరంలో 2001లో ‘లౌడర్ దాన్ ఎ బాంబ్’ అనే కిశోరుల స్లామ్ ప్రారంభమైంది. జాతులవారీగా పేటలు విడిపోయిన ఆ నగరంలో వేర్వేరు బడుల జట్లు ఒకే హాలులో కూర్చుని తుపాకి హింసను గురించీ, పేదరికాన్ని గురించీ, వలసను గురించీ ఒకరి మాట ఒకరు వినడమే ఈ పోటీ సాధించిన అసలు ఫలితం. అయితే మార్కుల కోసం సొంత గాయాన్ని బిగ్గరగా ప్రదర్శించే ప్రమాదమూ ఇందులో లేకపోలేదు. దుఃఖానికి అంకె వేయకుండా కవితా నిర్మాణాన్ని చర్చించగల గురువు ఉన్నచోటనే ఆ ప్రమాదం తప్పుతుంది.

చికాగో అనుభవం మన సంఘాలకూ వర్తిస్తుంది. ప్రవాస తెలుగు సంఘాల వేదికలపై పిల్లలు వేమన పద్యాలను చక్కగా అప్పజెబుతారు. కులాన్నీ కపట భక్తినీ నిలదీసిన ఆ కవి పద్యాలను కంఠస్థం చేసిన కిశోరులకు తమ కాలపు ప్రశ్నలు రాసే అవకాశమూ దక్కాలి. అమెరికాలో తల్లిదండ్రుల హెచ్-1బి ఉద్యోగ వీసాపై ఆధారపడి పెరిగి, 21వ యేడు నిండగానే ఆ ఆధారిత హోదా కోల్పోయే పిల్లలు ఎన్నో తెలుగు ఇళ్లలో ఉన్నారు. పెరిగిన ఊరు తమదవునో కాదో తెలియని ఆ స్థితిని వారు ఏ భాషలో రాసినా, సంఘాల సాంస్కృతిక కార్యక్రమంలో దానికి సమయం కేటాయించడం పెద్దల చేతిలో ఉన్న పని.