ట్యాంకరు వీపున జాబు

మండెడు పారిశ్రామిక ద్రవములను గూర్చియు, వానిని భద్రముగా తరలించు విధానమును గూర్చియు ఆదివారపు సంచికకు ముఖచిత్ర కథనము కావలెననియు, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి చేరవలెననియు సంపాదకులు చెప్పినప్పుడు, విశాఖపట్టణపు కర్మాగారముల వైపు పోవుటయే సహజమైన మార్గమైనను, ఒడిషాలోని కోరాపుట్టు జిల్లా జయపురములో పుట్టి పెరిగిన నాకు ముందుగా జ్ఞప్తికి వచ్చినది ఆ జిల్లాలోనే యున్న కొట్పాడ్ బజారు చివర టీ దుకాణము ముందు మధ్యాహ్నపు టెండలో ఆగియుండు పెట్రోలు ట్యాంకరు.

నిజామాబాదు జిల్లా బోధనులో మొదలై, జగిత్యాల, మంచిర్యాల, భోపాలపట్నము, జగదల్పూరుల మీదుగా వచ్చు 63వ జాతీయ రహదారి కొట్పాడ్ దాటి బొరిగుమ్మలో ముగియును. అచట దానిని కలిసికొను 26వ రహదారి కోరాపుట్టు ఘాట్లు దిగి, సాలూరు మీదుగా విజయనగరము చేరును. ఇట్లు రెండు కొసల తెలుగునేలను ముట్టుచున్న ఈ దారి నడుమ, ఒడియా, దేశియా, భత్రీ మాటలు వినవచ్చు ఊళ్లగుండా, ట్యాంకర్లు రాకపోకలు సాగించుచున్నవి.

కొట్పాడ్ పేరు లోకమునకు తెలిసినది చమురువలన గాక బట్టవలన. మిర్గాన్ కులపు నేతగాండ్రు తొగరువేరు పట్టనుండి తీయు ఎరుపు, దానికి ఇనుపరసము కలిపి రాబట్టు నలుపు నాకు చిన్ననాటి నుండియు ప్రాణప్రదములు. 2005లో ఈ నేతకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ రంగు పట్టుటకు ముందు నూలును ఆముదములో నానవేసి, బూడిదతోను పేడతోను దినముల తరబడి మర్దించుదురు. ఆముదమును తలచుట బట్టపై మక్కువచేత మాత్రమే కాదు. ప్రమిదలో ఆముదము పోసి వత్తి లేకుండ అగ్గిపుల్ల వేసినచో పుల్లయే ఆరిపోవును; అంటుకొనుటకు చాలినంత ఆవిరి పుట్టవలెనన్న, ఆ చమురు సుమారు 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగవలెను. పెట్రోలునకు ఆ హద్దు సున్నకు దిగువన, మైనస్ 43 డిగ్రీల ప్రాంతమున నున్నది. అనగా కోరాపుట్టు కొండలలో మంచు పేరిన పుష్యమాసపు తెల్లవారుజామున సైతము మూత తీసిన పెట్రోలు అంటుకొనుటకు సిద్ధముగనే యుండును. మండునది ద్రవము కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర వంతులకు కొంచెము తక్కువగా నున్నను చాలును, ఒక నిప్పురవ్వ దానిని రగుల్కొల్పును. అది గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి తేలిపోక నేలను ప్రాకుచు, కాలువలలోను కల్వర్టుల క్రిందను నిలుచును. ఒలికినచోటికి ఎంతయో దూరమున వెలిగించిన బీడీయైనను మంటను వెనుకకు, ట్యాంకరు దాక, కొనిపోగలదు.

నేను చూచుటకు పోయినది ట్యాంకరును. నన్ను రెండు దినములు విడువక పట్టినది మాత్రము దాని వెనుక బిగించిన రేకు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి ప్రకారము అపాయకర ద్రవ్యములను మోయు ప్రతి బండికిని ఇరుప్రక్కలను, వెనుకను, మొత్తము మూడుచోట్ల ఇట్టి అత్యవసర సమాచార ఫలకము ఉండి తీరవలెను. ఈ రేకుపై ఒకమూల ఎర్రని వజ్రాకారములో మంటబొమ్మ, దాని క్రింద 3 అను అంకె; మండు ద్రవముల తరగతి యని దాని అర్థము. ప్రక్కన 1203 అను నాలుగంకెలు. ఇది పెట్రోలునకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన సంఖ్య, దేశమేదైనను మారనిది. వానిపైన మూడు అక్షరములు: ‘3వైఈ’.

ఈ మూడక్షరములలో ఎంత శాస్త్రము ఇమిడియున్నదో తెలిసినప్పుడు, ‘యమాతారాజభానసలగం’ అను ఒక్క పలుకులో ఛందోగణములన్నిటిని ఇమిడ్చిన పూర్వుల నేర్పు నాకు తలపునకు వచ్చినది. బ్రిటను దేశపు అగ్నిమాపకదళముల వాడుకనుండి మనకు వచ్చిన సంకేతమిది. 3 అనగా నురుగుతో ఆర్పుడు, నీటిధారతో కాదు. ఏలయన పెట్రోలు నీటికంటె తేలిక, నీరు చిమ్మినకొలది మంట నీటిపై తేలుచు వీధులవెంట పారును. ‘వై’ అనగా ఇది ప్రేలవచ్చును, శ్వాసయంత్రము ధరించి దగ్గరకు పొండు, ఒలికినదానిని కాలువలలోనికి పోనీయక కట్ట వేయుడు. ‘ఈ’ అనగా చుట్టుప్రక్కల జనులను ఖాళీ చేయించు విషయము వెంటనే ఆలోచింపుడు. ఒక్క అక్షరమైన అధికము లేదు, ఒక్కటియు తక్కువ కాదు.

ఆ ట్యాంకరు డ్రైవరు సాలూరు వాడు, నడివయస్కుడు. లారీల ఊరిలో పుట్టినవాడు కాన ఇరువది ఏండ్లుగా ఈ ఘాట్లే ఎక్కి దిగుచున్నాడు. క్యాబినులో ట్రెమ్ కార్డును, అనగా దారిలో అపాయము కలిగినచో చేయవలసినది తెలుపు పత్రమును, చూపించెను. మూడు దినముల శిక్షణ పొందిన పత్రమును చూపించెను. ఇట్టి బండి నడుపువాడు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భాషతోపాటు ఆంగ్లమును గూడ చదువ, వ్రాయ నేర్చియుండవలెనని నియమావళిలోని 9వ నిబంధన చెప్పుచున్నది. ‘‘ఆ రేకు మీకు చదువ వచ్చునా?’’ అంటిని.

‘‘నాకొచ్చు బాబూ. కానది నాకోసం రాసింది కాదు, ఫైరోళ్ళకోసం రాసింది. ఈ దారంట బండి తిరగబడితే ఫైరోళ్ళు ముందొస్తారేటి? ముందొచ్చేది ఎవులు? బిందెలట్టుకొని జనమే కదా.’’

ఈ మాటకు సమాధానమేదియు నాయొద్ద లేకపోయినది. 2017 జూన్ 25న పాకిస్తానులోని బహావల్పూరు సమీపమున, అహ్మద్‌పూర్ తూర్పు వద్ద, రంజాను పండుగకు ముందుదినమున ఒక ట్యాంకరు బోల్తాపడగా, కారుచున్న పెట్రోలును పట్టుకొనుటకు ఊరివారు పాత్రలతో చేరిరి. మంట లేచి 200 మందికి పైగా మరణించిరి. వారిని దురాశాపరులనుట నాకు ఎంతమాత్రము సమ్మతము కాదు. ఒలికిన నూనెను ఎత్తుకొనుట పేదయింట పొదుపే గాని నేరము కాదు, మరియు ఇది వంటనూనెవంటిది కాదని చెప్పిన వారెవ్వరు? చెప్పవలసిన రేకు చెప్పుచునే యున్నది, కాని కొట్పాడ్ సంతకు నడిచివచ్చు భత్రీ ఇల్లాలికి ఆ లిపియు రాదు, ఆ సంకేతమును రాదు.

ఇక చరిత్ర. మన పెట్రోలియము చట్టము 1934 నాటిది. విశాఖలో కాల్టెక్స్ శుద్ధి కర్మాగారము 1957లో వెలసి, 1978లో హిందుస్తాన్ పెట్రోలియములో కలిసినది. 1997 సెప్టెంబరు 14న అచట వంటగ్యాసు లీకై చెలరేగిన అగ్నిలో సుమారు 60 మంది గతించిరి. 2002 నాటి పెట్రోలియము నియమములు, 23 డిగ్రీలకు లోపలనే అంటుకొను ఆవిరినిచ్చు పెట్రోలు వంటివానిని ‘ఏ’ తరగతిగా, 23 మొదలు 65 లోపలివానిని ‘బీ’ తరగతిగా విభజించినవి.

గొట్టము నోట పెట్టరాదు

మోటారుసైకిలు టాంకునుండి గొట్టముతో పెట్రోలు పీల్చి తీయుట మన ఊళ్లలో నిత్యకృత్యము. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తులలో దిగినను ప్రాణాంతకమైన వాపు కలుగవచ్చును. మ్రింగినవానిచేత వాంతి చేయింపరాదు. కక్కునప్పుడే అది ఊపిరితిత్తులలోనికి పోవుట కవకాశమెక్కువ. ఆసుపత్రికి కొనిపోవలెను. ప్లాస్టిక్ డబ్బాలలో పెట్రోలు పోయునప్పుడు ఒరిపిడివలన పుట్టు విద్యుత్తు నిలిచి, కంటికి కనబడని రవ్వగా పుట్టగలదు. బంకులో ట్యాంకరునుండి దింపుటకు ముందు రాగితీగతో భూమికి కలుపుట అందులకే.

నిప్పు అంటకయే

మండు ద్రవము మండియే చంపవలెనని లేదు. 2020 మే 7 తెల్లవారకముందు విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకునుండి వెలువడిన స్టైరీను ఆవిరికి 12 మంది బలియైరి. స్టైరీను 31 డిగ్రీల వద్దనే అంటుకొనగల ద్రవము. నిలువయుంచినచో తనలో తానే గట్టిపడుచు వేడి పుట్టించును. చల్లగా నుంచుట, నిరోధక రసాయనము కలుపుట, ఈ రెండును తప్పనిసరి. లాక్‌డౌనులో ట్యాంకు కదలక నిలిచియుండెను. ఉష్ణమాపకము అడుగుననే యుండుటచే పైపొరలు కాగుచున్న సంగతి ఎవరికిని తెలియరాలేదు. 36 చోట్లనుండి సైరను మ్రోగించు వీలుండియు అది మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము తేల్చినది.

తెలుగులో ఆ రేకు

బుధవారము సాయంకాలము అదే టీ దుకాణపు బల్లపై కూర్చుండి, ఆ రేకును తెలుగున వ్రాయ ప్రయత్నించితిని. దగ్గరకు రావద్దు, గాలి ఎటు వీచుచున్నదో చూచుకొని దానికి ఎదురుగా, పల్లమునకు గాక మిట్టకు పొండు, బీడీ, సెల్‌ఫోను, బండి ఇంజను ఏదియు వెలిగింపవద్దు, నీరు చల్లవద్దు, 112కు ఫోను చేసి 1203 అను అంకె చెప్పుడు. దూరము విషయమున, ఒలికిన వెంటనే కనీసము 50 మీటర్లు, ట్యాంకరుకు మంట అంటుకొన్నచో 800 మీటర్లు అన్ని దిక్కుల తొలగుమని అమెరికా ఖండపు అత్యవసర మార్గదర్శి చెప్పుచున్నది గనుక, ఆ కొలతలనే వ్రాసితిని. దూరముగా పోయినపిమ్మట మాత్రమే ఫోను చేయుడని రెండవసారి చదివినప్పుడు చేర్చితిని.

డ్రైవరు వ్రేలు పెట్టి పంక్తి పంక్తియు చదివెను. 50 మీటర్ల వద్ద ఆగెను.

‘‘ఇదెవులికి తెలుస్తాది బాబూ? కరెంటు స్తంభాలు లెక్కెట్టి రాయండి.’’

మేమిద్దరము లేచి రోడ్డుమీదికి పోయి, అతడొక స్తంభమునుండి మరియొక స్తంభమువరకు అడుగులతో కొలువగా, నేను లెక్కించితిని. వాని నడుమ ఎడము ఇంచుమించు 50 మీటర్లకే వచ్చినది. రెండు స్తంభముల అవతల నిలువుడు, మంట లేచినచో పదునారు స్తంభములు దాటుడు అని దిద్దితిని. దుకాణదారుడు ఒడియాలో వ్రాయించు పని తన కుమార్తెకు అప్పగించెదనని చెప్పెను. ఆమె కళాశాలలో చదువుచున్నదట. డ్రైవరు రెండు ప్రతులు కావలెననెను, ఒకటి క్యాబినులో అంటించుటకు, ఒకటి సాలూరిలో తన ఇంటి వీధిలోని బడ్డీకొట్టుకు. వ్రాసి ఇచ్చితిని. అతడు వానిని మడిచి ట్రెమ్ కార్డు వెనుక దోపి, చక్రములను ఒక్కొక్కటిగా తట్టిచూచి, బొరిగుమ్మ వైపు బండి పోనిచ్చెను.